మారిన తూనిక, మారని కొలత

జనగామ వ్యవసాయ మార్కెట్టుకు వడ్లు తెచ్చిన రైతును పలుకరించి చూడుడు. ఎన్ని పండినవని అడిగినచో ఏబది క్వింటాళ్లనును. ఎంత పొలములో పండినవని అడిగినచో రెండెకరముల పది గుంటలనును. మొదటి మాట మెట్రిక్ పద్ధతికి చెందినది. రెండవ మాటకు మూలము నిజాం రాజ్యమున భూమిని కొలిచిన ముప్పదిమూడడుగుల గొలుసు. ఒకే పంటను గూర్చి ఒకే మనిషి చెప్పిన రెండు వాక్యములలో రెండు కాలముల లెక్కలు ఇమిడియున్నవి. చెప్పువానికి తడబాటు లేదు, వినువారికిని లేదు. మహబూబాబాదు జిల్లా కేసముద్రము మార్కెట్టులో మిరపకాయలమ్మువాని మాట తీరును ఇట్లే యుండును. భూపాలపల్లి గనులలో బొగ్గును టన్నులలో తూతురు. ఆ గనుల కొరకు సేకరించిన భూమి మాట వచ్చినపుడు మాత్రము అందరి నోటను ఎకరములే.

కొన్ని దేశములు మెట్రిక్ పద్ధతిని ఏల అంగీకరింపవన్న ప్రశ్న పుట్టినపుడు అందరును అమెరికాను వ్రేలు పెట్టి చూపుదురు. మన దేశము 1962 నాటికే ఆ మార్పును ముగించినదని పాఠ్యపుస్తకములు చెప్పును. అది నిజమే గాని, సగము నిజము. ప్రతిఘటనను చూచుటకు సముద్రములు దాటనక్కరలేదు. మన పట్టాదారు పాసుపుస్తకము తెరచిన చాలును. ఒక కొలతను ఐదారేండ్లలో విడిచిపెట్టిన ప్రజలే మరియొక కొలతను అరువదేండ్లు దాటినను విడువకుండుటకు కారణమేమి? జనుల మూఢత్వమని చెప్పుట తేలిక. మూఢత్వమే అయినచో అది తక్కెడ దగ్గర ఏల అడ్డుపడలేదు?

ముందుగా పాత కొలతల సంగతి కొంత చెప్పుకొనవలెను. నేటి యువకులకు వాని పేర్లు పెద్దల మాటలలో తప్ప వినబడవు. ధాన్యమును మన పూర్వులు తూచుట కంటె కొలుచుటయే ఎక్కువ. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. క్రింది మెట్లన్నియు సగము చేయుటకును, రెట్టింపు చేయుటకును అనువుగా అమరినవి. చదువురాని ఇల్లాలు సైతము గింజల రాశిని చూపుతో రెండు పాళ్లు చేయగలదు, ఆ పాలును మరల రెండు చేయగలదు. పది పాళ్లు చేయుమన్నచో పండితుడును తడుముకొనును. పాత పద్ధతిని అనాగరికమని తీసివేయువారు ఈ సౌకర్యమును గమనింపరు.

భూమి కొలతకును ధాన్యమునకును చుట్టరికముండెడిది. కాకతీయుల కాలపు శాసనములలో దానమిచ్చిన పొలమునకు మర్తురు అను కొలతయు, పంటకు పుట్టి, తూము అను కొలతలును కనబడును. నేలను విత్తనముతో చెప్పుటయు వాడుకయే: కుంచెడు విత్తుల నేల, తూమెడు విత్తుల నేల. రేగడిలో తూమెడు విత్తులు పట్టు చోటును, చెలకలో తూమెడు విత్తులు పట్టు చోటును ఒకటి కావు. అయినను రైతుకు కావలసినది గజముల లెక్క కాదు, ఎంత చల్లవలెను, ఎంత చేతికి వచ్చుననుటయే. ఆ కొలత చెప్పినది విస్తీర్ణమును కాదు, బ్రతుకుతెరువును.

దోషమెక్కడనన్న, పేరు ఒకటియే గాని ప్రమాణము ఊరూరికి వేరు. ఈ ఊరి కుంచము ఆ ఊరి కుంచము కాదు. సర్కారు లెక్క ప్రకారము 80 తులములు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు, అనగా మణుగునకు 3,200 తులములు. కాని స్వాతంత్ర్యానంతరము దేశమున విచారించి చూడగా నూరుకు మించిన మణుగులు వాడుకలో నున్నట్లు తేలినది. వానిలో చిన్నది 280 తులములు, పెద్దది 8,320 తులములు. ఇట్టి సంతలో ధరలను పోల్చుట ఎట్లు? వరంగల్లులో చవకయో, మానుకోటలో చవకయో తెలిసికొనుటకు ముందు ఏ మణుగని అడుగవలసి యుండెను. మానుకోట యనగా మహబూబాబాదే. పాత పేరు జనుల నోట ఇంకను నిలిచియున్నది. ఇదియు నొక మారని కొలత వంటిదే.

కొలమానము అస్థిరమైనచో ఆ అస్థిరత ఎప్పుడును బలవంతుని పక్షముననే నిలుచును. ఇచ్చునపుడొక కుంచము, పుచ్చుకొనునపుడొక కుంచమను ఫిర్యాదు తెలంగాణపు పల్లెలలో తరతరములు వినబడినది. నాగు పేరిట విత్తుల కాలమున ధాన్యము అప్పు తెచ్చుకొన్న పేదవాడు కోతల కాలమున వడ్డీతో కొలిచి ఇచ్చెడివాడు. ఆ కొలత ఎవరి ఇంటి కొలతయో చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సర్కారు విధించిన లెవీ ధాన్యము దీనికి తోడైనది. నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియగుటయు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలమును, పంటను విడువక నిలుచుటయు మనమెరిగిన చరిత్రయే. ఆ పోరాటమునకు కారణము కొలతలు మాత్రమే కావు. కాని కళ్లములో ధాన్యమును ఎవరు కొలుతురు, దేనితో కొలుతురు అనునది ఆనాడు చిన్న ప్రశ్న కాదు. కావుననే 1958 తరువాత ముద్ర వేసిన ఇనుప తూనికరాళ్లు పల్లెలకు వచ్చినపుడు పాత కుంచము కొరకు ఎవరును కన్నీరు కార్చలేదు.

ఇంతకు మునుపు బ్రిటిషు ప్రభుత్వమును ఒక యత్నము చేసినది. మేయో ప్రభువు వైస్రాయిగా నున్నపుడు 1870లోను 1871లోను శాసనములు వెలువడినవి. వాని ఉద్దేశము సేరును కిలోగ్రాముకు సమానము చేయుట. శాసనము కాగితముపై మిగిలెను, సేరు కదలలేదు. 1872లో మేయో హత్యకు గురియైన పిదప దానిని పట్టించుకొన్నవారు లేరు. మెట్రిక్ పద్ధతి రానున్నదన్న తలంపుతో రైలుమార్గములకు ఒక మీటరు వెడల్పును నిర్ణయించిరి. పద్ధతి రాలేదు గాని మీటరు గేజి వచ్చినది. కాజీపేట మీదుగా జనగామకును, మహబూబాబాదుకును పోవు పట్టాల నడుమ వెడల్పు మాత్రము అయిదడుగుల ఆరంగుళములు. నేటి రైల్వే పత్రములలో దానినే 1,676 మిల్లీమీటర్లని వ్రాయుదురు. పేరు మారినది, పట్టా వెంట్రుకవాసియైనను జరుగలేదు. నేలపై ఒకసారి పరచినదాని సంగతి వేరు. ఈ మాటను మరల జ్ఞాపకము చేసికొనవలసి యుండును.

స్వతంత్ర భారతమున మొదట మారినది నాణెము. 1955 నాటి చట్టము ననుసరించి 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైస వచ్చినది. అంతకు మునుపు రూపాయకు 16 అణాలు, 64 పైసలు. తెలంగాణము వారికి ఇది రెండవ మార్పని గుర్తింపవలెను. హైదరాబాదు సంస్థానమునకు తన హాలీ సిక్కా ఉండెడిది. హాలీ ఏడు రూపాయలు కల్దారు ఆరు రూపాయలకు సమానము. సంస్థానము 1948లో భారతమున విలీనమైన పిదప హాలీని విడిచి కల్దారు లెక్కకు అలవాటుపడిరి. ఆ అలవాటు కుదిరినదో లేదో, అణాయే పోయినది. అణాకు ఆరుంబావు నయాపైసలు. పావు పైస లేదు గనుక సర్కారు పట్టికలో ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని వ్రాసిరి. ఒక్కొక్క అణా సరకును నాలుగుమారులు కొన్నవాడు 24 ఇచ్చును; ఒక్కమారు కొన్నవాడు 25 ఇచ్చును. మూడణాల సరకు కొన్నవాడు పావు పైస నష్టపోవును. ఎంత స్వల్పమైనను ఇది లెక్కకు అందిన నష్టము. మార్పు అనగా పావు పైస ఎవరి జేబులోనికి పోవునో ముందు చూచుకొనవలెనని జనులు ఇక్కడనే నేర్చిరి.

1956 డిసెంబరులో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చెను. 1958 అక్టోబరు నుండి కొన్ని ప్రాంతములలో, కొన్ని వ్యాపారములలో కిలోగ్రాము ప్రవేశించి, 1962 నాటికి వ్యాపారమున ఇతర తూనికలు నిషిద్ధములయ్యెను. సేరు 933 గ్రాములు. కిలో దానికంటె 67 గ్రాములు పెద్దది. రూపాయకు సేరు అమ్మిన వస్తువును రూపాయ ఏడు పైసలకు కిలో అమ్మవలెను. కొందరు వర్తకులు రూపాయ పదికి సర్దుకొని యుందురనుట ఊహింపరానిది కాదు. అయినను కొంత గొణుగుడు తరువాత సేరు పోయినది. ఎందుచేత పోగలిగినది? ధాన్యము తినగా తీరిపోవును. ఈ ఏటి బేరమునకు పోయినేటి బేరముతో పని లేదు. కొన్నవాడును అమ్మినవాడును కాంటా దగ్గర నిలుచుండగనే లెక్క తెగిపోవును. పాత సేరులో వ్రాసిపెట్టుకొన్న హక్కు ఎవరికిని మిగిలియుండలేదు.

ఇనుప రాయి సత్యము చెప్పినను మనిషి చెప్పవలెను గదా. కిలోల కాంటాపై తూచినను తేమయనియు, తాలయనియు సంచికి కొంత తరుగు తీయుచున్నారని వడ్ల కొనుగోళ్ల కాలమున ప్రతి ఏడును రైతులు మొరపెట్టుకొనుచునే యున్నారు. ఇది కొలమానపు దోషము కాదు. కాని ప్రమాణమొక్కటి స్థిరమైనంత మాత్రమున న్యాయము దానంతటదియే నడచివచ్చుననుకొన్న ఆనాటి ప్రచారకర్తల ఆశ కొంత ఎక్కువయే.

బంగారము కథ విచిత్రము. అంగడిలో యంత్రము గ్రాములే చూపును, చీటీపై గ్రాములే వ్రాయుదురు. కొనువారు మాత్రము తులములలోనే మాటలాడుదురు. పాత తులము 11.66 గ్రాములు. నేడు బజారులో తులమనగా పది గ్రాములని వాడుక. అనగా పేరు నిలిచినది, లోనిది కరిగినది. అవ్వ కాలమున కూతురికి అయిదు తులములు పెట్టినారన్నచో అది 58 గ్రాములకు పైమాట. మనుమరాలికి అయిదు తులములన్నచో 50 గ్రాములు. ఎనిమిది గ్రాముల బంగారము మాటలోనే మాయమైనది. అక్కకు పెట్టినంతయే చెల్లెలికిని పెట్టితిమని చెప్పు ఇండ్లలో పాత నగను యంత్రముపై పెట్టిననాడు ఈ తేడా బయటపడును. పేరును నిలిపి పరిమాణమును మార్చినచో ఏమగునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. భూమి విషయమున జనులు భయపడునది సరిగా ఇదియే.

ఇక భూమి. హైదరాబాదు రాజ్యమున పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున బొంబాయి పద్ధతి ననుసరించి భూమాపనము, బందోబస్తు జరిగినవి. ముప్పదిమూడడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు గల చదరము ఒక గుంట. అనగా 121 చదరపు గజములు. నలుబది గుంటలు ఒక ఎకరము. అందుచేతనే తెలంగాణములో గుంట, మహారాష్ట్రలో గుంఠా. ఆంధ్ర జిల్లాలలో మాత్రము మద్రాసు పద్ధతి చొప్పున ఎకరమునకు నూరు సెంట్లు. తెలుగువారిలోనే సెంటు ఎరిగినవానికి గుంట తెలియదు, గుంట ఎరిగినవానికి సెంటు తెలియదు.

ఇప్పుడొక వింత చూడుడు. మెట్రిక్ పద్ధతిలో పొలములకు చెప్పిన చిన్న కొలత ఆర్. అది నూరు చదరపు మీటర్లు. నూరు ఆర్‌లు ఒక హెక్టారు. మన గుంట 101.17 చదరపు మీటర్లు. రెండింటికి తేడా నూటికి ఒకటి కంటె కొంచెమే ఎక్కువ! సేరుకు కిలోకు నడుమ ఇంతకు ఆరింతల తేడా యున్నను జనులు దాటివచ్చిరి. ఇంత దగ్గరి చుట్టమైన ఆర్‌ను మాత్రము ఇంటిలోనికి రానీయలేదు. మారుట కష్టమైనందున మారలేదన్న వాదము ఇక్కడ నిలువదు. లెక్క సులభమే, అడ్డము లెక్కలో లేదు.

రెండెకరముల ఇరువది గుంటలు గల రైతు కలడనుకొందము. అనగా నూరు గుంటలు. దానిని సరిచేసి ఒక హెక్టారని వ్రాసినచో చూచుటకు ఎంతో అందముగా నుండును. కాని ఆ అందము వెనుక 117 చదరపు మీటర్లు, అనగా సుమారు 140 గజములు పోవును. రహదారి ప్రక్కన అది ఒక ఇంటి స్థలము. సరిగా వ్రాయవలెనన్న 1.0117 హెక్టార్లని వ్రాయవలెను. దశాంశ బిందువు తరువాతి నాలుగవ అంకె వరకు మోసికొనిపోవు గుమాస్తా ఎక్కడ, మూడవ అంకెలోనే ఇల్లు పోగొట్టుకొను రైతు ఎక్కడ! ముగ్గురన్నదమ్ములు పంచుకొన్న పొలములో, గెట్టు మీద తగవు పడిన పొలములో, గుంట అనునది గణితము కాదు. తండ్రి చెప్పిపోయిన మాట అది. పంచాయతిలో పెద్దమనుషుల యెదుట ఒప్పుకొన్న సంఖ్య అది.

ఆ సంఖ్య ఎన్నిమారులు తిరిగి వ్రాయబడినదో చూడుడు. నిజాం కాలపు సేత్వారు ఒకటి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఒకటి. నేటికిని తగవులలో మొదట అడుగునది దానినే. పిదప ఏటేటి పహాణీలు, వానిని గణనయంత్రములకెక్కించుట. 2017లో రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరులో ధరణి, 2025 ఏప్రిల్‌లో భూభారతి. ఒక్కొక్క ప్రతి వ్రాయునపుడు కొందరి పేర్లు తప్పిపోవుట, కొందరి గుంటలు తరుగుట, సర్వే నంబరులోని విస్తీర్ణము ఖాతాల మొత్తమునకు సరిపడకపోవుట తెలంగాణములో ఊరూర వినవచ్చు సంగతులు. సవరణ కొరకు అర్జీలు పట్టుకొని తహసీలు కచేరి చుట్టు తిరిగినవానికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇన్ని ప్రతులలోను మారక నిలిచినది ఒక్క ఎకరము–గుంట లెక్క. పాత పత్రమును క్రొత్త పత్రముతో ప్రక్కప్రక్కన పెట్టి, ఏ చదువును లేకయే, సరియున్నదో లేదో చెప్పుటకు రైతుకు మిగిలిన ఆధారము అదియొక్కటే. దానినిగూడ మార్చినచో పొరపాటు ఎక్కడ జరిగినదో పట్టుకొను దారి మూసికొనిపోవును. నా దృష్టిలో ప్రతిఘటనకు మూలము ఇది. జనులు మీటరును ద్వేషించుట లేదు. మరియొక నకలును వారు నమ్ముట లేదు.

శాసనములు మాత్రము రెండు భాషలలో మాటలాడుచునే యున్నవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సాగుభూమికి నాలుగు హెక్టార్ల పరిమితి పెట్టినది. మహబూబాబాదు, భూపాలపల్లి అడవుల అంచున పోడు చేయు గిరిజనునకు అది 9 ఎకరముల 35 గుంటలు. 2023లో పోడు పట్టాలు పంచినపుడు చెప్పిన లెక్కయు ఎకరములలోనే. కేంద్ర ప్రభుత్వపు కిసాన్ సహాయము 2019లో మొదలైనపుడు రెండు హెక్టార్ల లోపు వారికని నియమము. ఆ తరువాత ఆ పరిమితి తీసివేయబడినది. రెండు హెక్టార్లనగా అయిదెకరములని అందరును అనుకొనుట వాడుక. లెక్కకు 4 ఎకరముల 37 గుంటలు దాటి కొంత. అయిదెకరముల వాడు లోపలివాడా, వెలుపలివాడా? వాడుక ప్రకారము లోపల, అంకెల ప్రకారము వెలుపల. రాష్ట్రపు రైతుబంధు ఈ చిక్కు లేనిది: 2018లో ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు, అనగా గుంటకు సరిగా నూరు. దీనికి గుమాస్తా అక్కరలేదు. పదునేడు గుంటలున్నవాడు తనకెంత రావలెనో వ్రేళ్లమీద చెప్పగలడు. ఇట్టి పథకము వచ్చిన ప్రతిమారును గుంట వేళ్లు మరింత లోతుకు పోవుచున్నవి.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమునకు పోయి గోదావరి ఒడ్డున నిలిచినచో ఎదుట కనబడునది మహారాష్ట్రములోని సిరొంచ తాలూకా. అక్కడను తెలుగు మాట వినబడును, అదే వరి, అదే ప్రత్తి. భూపత్రము మాత్రము వేరు: అక్కడి సాత్‌బారా పత్రమున విస్తీర్ణము హెక్టార్లలో, ఆర్‌లలో వ్రాయబడును. బొంబాయి గుంటకు పుట్టినిల్లైన రాష్ట్రమే పత్రమున ఆర్‌కు మారినది! ఆకాశము విరిగి పడలేదు. అయితే మహారాష్ట్రపు పల్లెలలో మాటలాడునపుడు నేటికిని ఏకరములు, గుంఠాలే. కాగితము దాటి నది నోటిలోనికి రాలేదు. మార్పు అసాధ్యము కాదని ఆ ఒడ్డు మనకు చూపును. కాగితము మారినంతనే మనసు మారదనియు అదియే చూపును.

నడుమ పారు నీటి సంగతియు అంతే. మేడిగడ్డ ఆనకట్ట సామర్థ్యము 16.17 టి.ఎం.సి.లని చెప్పుదురు. టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు, మీటర్లలో రెండు కోట్ల ఎనుబదిమూడు లక్షల ఘనపు మీటర్లు. కిలోగ్రాము వచ్చి అరువదేండ్లు దాటిన తరువాత, 2019లో ప్రారంభమైన కట్టడమున నీరు అడుగులలో నిలిచినది. కారణము మూఢత్వమా? కాదు. కృష్ణాజలములను పంచిన బచావత్ ట్రిబ్యునలు 1970 దశకమున ఆంధ్రప్రదేశమునకు 800, కర్ణాటకమునకు 700, మహారాష్ట్రమునకు 560 టి.ఎం.సి.లని తీర్పు వ్రాసినది. గోదావరి తీర్పు 1980లో వచ్చినది. ఇంజనీర్లకు మీటరు రాక కాదు. హక్కు ఏ కొలతలో వ్రాయబడినదో వాదము ఆ కొలతలోనే నడచును. 800 అను సంఖ్యను మార్చుటకు ఏ రాష్ట్రమును సాహసింపదు, మార్చి వ్రాసినది తు.చ. తప్పక సమానమే అయినను.

అమెరికా సంగతికి ఇప్పుడు వత్తము. ఆ దేశము మెట్రిక్ పద్ధతిని ఎరుగనిది కాదు. 1866లోనే దానిని చట్టసమ్మతము చేసినది. 1893 నుండి అక్కడి అడుగును, పౌనును మీటరు, కిలోగ్రాముల ద్వారానే నిర్వచించుచున్నారు. 1975లో మార్పు కొరకు చట్టము చేసి ఒక మండలిని నియమించిరి. ఎవరినిని బలవంతపెట్టు అధికారము దానికి లేదు. 1982లో అది రద్దయినది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారును గ్యాలన్లకు, పౌనులకు అలవాటుపడిరి. పిల్లల ఎత్తు అడుగులలో చెప్పుదురు. దీనికి కర్మాగారముల ఖర్చు ఒక కారణమని చెప్పుదురు, నిజమే. నాకు అంతకంటె ఆసక్తికరముగా తోచునది భూమి కథ. 1785 నాటి శాసనముతో ఆ దేశపు పడమటి భూములను ఆరేసి మైళ్ల చదరములుగ, వానిని 640 ఎకరముల ముక్కలుగ కోయ మొదలిడిరి. రోడ్లు, కంచెలు, దస్తావేజులు ఆ గీతల మీదనే నిలిచినవి. 1959లో అడుగు పొడవును 0.3048 మీటరుగా సరిచేసినపుడు పాత అడుగునకును దీనికిని తేడా పది లక్షలలో రెండు పాళ్లు. మైలుకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. భూమి కొలుచువారు ఆ తేడాకును ఒప్పుకొనలేదు. తమ పాత అడుగును వేరుగ నిలుపుకొనిరి. 2022 డిసెంబరు చివరకు గాని అది అధికారికముగా తొలగింపబడలేదు. మైలుకు మూడు మిల్లీమీటర్ల కొరకు అరువదిమూడేండ్లు పట్టుపట్టినవారి ముందు, గుంటకు ఒక చదరపు మీటరు పైగా లెక్క చూచుకొను మన రైతును ఛాందసుడనుట న్యాయమా?

మెట్రిక్ పద్ధతికి జన్మస్థలమైన ఫ్రాన్సులోను 1795లో వచ్చినది జనులకు రుచింపలేదు. 1812లో నెపోలియన్ పాత పేర్లతో వాడుక కొలతలను మరల అనుమతించెను. 1840 నుండి గాని పూర్తిగా అమలు కాలేదు. మ్యాన్మారులో ఒకటిన్నర కిలోలకు మించిన వీసె నేటికిని చెల్లుచున్నది; ఆ కొలతను ఆంగ్లమున పిలుచు పేరు మన వీసెకు దగ్గరి చుట్టమే.

అయితే తెలంగాణము గుంటను ఎన్నటికిని విడువరాదా? అట్లనుట నా అభిప్రాయము కాదు. ఆ ఒడ్డున ఆర్, ఈ ఒడ్డున గుంట, దిగువన సెంటు ఉన్నంతకాలము బ్యాంకులకు, బీమాకు, పరిశోధనకు ప్రతి అంకెను తిరుగవేయు శ్రమ తప్పదు. కాని క్రమము ముఖ్యము. ఈ రాష్ట్రమున సమగ్రముగా భూమిని కొలిచినది నిజాం కాలముననే. ఆనాటి గొలుసు కొలతలకును నేటి యంత్రపు కొలతలకును తేడా వచ్చితీరును. పాసుపుస్తకములో రెండెకరములున్న చోట నేలమీద ఎకరము ముప్పదియెనిమిది గుంటలు తేలవచ్చును, లేదా రెండెకరముల మూడు గుంటలు తేలవచ్చును. ఆ దినముననే ఎకరమును హెక్టారుగ మార్చినచో తరిగినది భూమియో, లెక్కయో ఎవరికిని తెలియదు. నెపమంతయు మీటరు మీద పడును. మొదట గుంటలలోనే కొలిచి, గెట్ల తగవులు గుంటలలోనే తీర్చి, సంతకములైన పిదప ప్రక్కగడిలో చదరపు మీటర్లు వ్రాసి, ఒక తరము ఆ రెండు గడులను ప్రక్కప్రక్కన చదువుకొననిచ్చినచో చాలును. నాణెము విషయమున ఏడేండ్లు ఇట్లే నడచినది. 1957లో వచ్చిన నయాపైసకు 1964 జూనులో నయా అను మాట రాలిపోయినది, పోయినట్లు ఎవరును గమనింపలేదు.

నిజమునకు పొలములో పని ఇప్పటికే సగము జరిగియున్నది. నేటి సర్వేయరు చేత గొలుసుకు బదులు ఉపగ్రహముల సంకేతము నందుకొను యంత్రముండును. అది మీటరు తప్ప మరియొకటి ఎరుగదు. గెట్టు మూలలను గుర్తించి అది 101.17 చదరపు మీటర్లని చూపును. సర్వేయరు దానిని చూచి, మనసులో తిరుగవేసి, రైతు వైపు తిరిగి ఒక గుంట అని చెప్పి, కాగితముపై అట్లే వ్రాయును.